మీటరు మీద నాలుగు

నెలకు రెండు ఆదివారాలు
ఎనుమాముల మార్కెట్ వెనక
భద్రయ్య సేటు గోదాం షట్టరు ఎత్తుత.
ముందు మిర్చి ఘాటు పలకరిస్తది,
ఆనక నా తుమ్ము,
ఆనక టార్పాలిన్ కింద
తెల్ల అంబాసిడరు.

నాలుగు చక్రాలూ నేలకు జానెడు పైన,
వేపమొద్దుల మీద.
టైర్లు ఒక్కకాడ అణగొద్దని చేత్తో తిప్పుత.
ప్లగ్గులు ఊడదీసి చెంచాడు నూనె పోస్త,
ఇంజను మెల్లగ తిప్పి మళ్ల బిగిస్త.
సీట్ల కింద కలరా ఉండలు మారుస్త.
ఎలుకలకు మిర్చంటే భయమని సేటు నమ్మకం.
ఎలుకలకు ఆ సంగతి తెల్వదు.
మూడుసార్లు వైర్లు కొత్తయి కట్టిన.

కొన్నది రెండువేల పద్నాలుగు ఎండకాలం.
"కంపెనీ మూతపడుతదట యాకూబూ,
ఇగ పుట్టవు ఇసొంటివి."
లారీ మీదనే తెచ్చిండు, మీటరు తిరగొద్దని.
దించేనాడు దాని మీద పదకొండు.
రిజిస్ట్రేషన్ చేపియ్యలే.
చేపిస్తే బండి అయితది,
చేపియ్యకుంటే సరుకు.
అట్ల అన్నడు, మిరపకాయ తొడిమె తుంచినంత తేలిగ్గ.

బయట ఏపీ ముప్పయ్యారు పోయి
టీఎస్ సున్నా మూడు వచ్చింది.
అదీ పోయి టీజీ వచ్చింది.
ఉన్న ఒక్క ఊరు రెండు జిల్లాలాయె.
ఇది మాత్రం ఇంకా
ఇరవై ఒకటి చెయ్యని బిడ్డ,
పేరు లేదు, ఊరు లేదు, నూనె వాసన ఉన్నది.

సేటుది మిర్చి లెక్క.
ధర లేనినాడు బస్తాలు కోల్డ్ స్టోరేజీకి.
రైతు ఆగలేడు, తను ఆగగలడు,
ఆ నడిమి సందే యాపారం.
కారు కూడ అంతే అంటడు,
ఇంకో ఇరవై ఏండ్లు ఓపిక పట్టాలె అంటడు.
సేటుకిప్పుడు డెబ్బై రెండు.
ఆ కూడిక నేను పైకి చెయ్యలే.

మొన్నటేడు గాదు, అంతకు ముందటేడు జులై.
రాత్రి పదింటికి హమాలీ ఓదెలు ఫోను:
"గోదాంల నీళ్లు."
షాపుల బ్యాటరీ నెత్తిన పెట్టుకొని
పెట్రోలు సీసాలు సంకల పెట్టుకొని పోయిన.
మోకాటి బంటి.
బస్తాలు నాని నీళ్లు ఎర్రగయినయి,
కాళ్లు మండుతున్నయి.
జాకీ పెట్టి మొద్దులు గుంజినం.
రెండో తిప్పుకే లేచింది,
నిద్ర పోనట్టు, ఊకె కండ్లు మూసుకున్నట్టు.

కాశిబుగ్గ దాటి పోచమ్మ మైదాన్ దాకా
కరెంటు లేదు, వాన తప్ప ఎదురొచ్చేటిది లేదు,
ఒక్క వైపరే పనిచేస్తున్నది.
ప్లాస్టిక్ తియ్యని వెనక సీటు మీద
ఓదెలు, అతని పెండ్లాం రాజేశ్వరి,
ఇద్దరు పిల్లలు, ఒక మేకపిల్ల.
"ఇది ఎవలి కారు కాకా?" అడిగింది చిన్నది.
"సక్కగ కూసో" అన్న.
స్టీరింగు కొద్దిగ కుడికి గుంజుతున్నది.
రెండువందలసార్లు ముట్టుకున్న బండి,
ఆ ఒక్క గుణం ఆ రాత్రే తెలిసింది.

తెల్లారి సేటు వచ్చిండు.
బస్తాల మాట అడగలే.
తలుపు తెరిచి, కండ్లద్దాలు పెట్టుకొని,
మీటరు మీద వేలు ఆనిచ్చిండు.
"పదిహేను" అన్నడు,
ఎవలో పోయినట్టు.
చానసేపటికి, గొంతు తగ్గించి:
"ఎనకకు తిప్పొస్తదా యాకూబూ?"

ముప్పై ఏండ్లల
ఎన్ని మీటర్లు తిప్పిన్నో
అల్లాకు తెలుసు, కొంతమంది బ్రోకర్లకు తెలుసు.
"దీనికి రాదు సేటూ" అన్న,
"కంపెనీ సీలు."

మళ్ల మొద్దులెక్కింది.
మళ్ల నెలకు రెండు ఆదివారాలు.
వెనక అద్దానికి లోపటి దిక్కు
మేకపిల్ల మూతి ఆనిన జాడ, రూపాయి బిళ్లంత.
అద్దమంతా తుడుస్త,
దాని చుట్టుపక్కల.